మనవరాలి గ్రాఫిక్స్ కార్డు: ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన నాకు కార్డు అంటే కార్డింగు మిషనే. పత్తిని దువ్వి స్లైవరు చేసేది. ఇప్పుడు మన పిల్లలు అడగతా ఉండేది వేరే కార్డు, కంప్యూటరు లోపల పెట్టే గ్రాఫిక్స్ కార్డు. ఈ సంవత్సరం మన వీధిలోనే మూడు ఇళ్ళలో దీని గురించి గొడవ జరిగింది. అందులో ఒకటి మా ఇల్లు. నేను చదివింది అయిదో తరగతి. మనవరాలి పక్కన కూర్చుని అడిగి అడిగి తెలుసుకున్నది రాస్తా ఉన్నాను, ఇంకొక ఇంటికి పనికొస్తుందని.

ముందు అదేమి చేస్తుందో చూడండి. కంప్యూటరులో అసలు మెదడు ఒకటుంది. అది మంచి నేతగాడు మాదిరి, కష్టమైన పని ఒకటొకటిగా చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు రింగు ఫ్రేము మాదిరి. ఒక్క స్పిండిలు చేసేది కొంచెమే, కానీ వందల స్పిండిళ్ళు ఒకేసారి తిరగతాయి. ఆర్‌టీఎక్స్ 3060 అనే కార్డులో అట్లాంటివి 3,584. కొత్తగా వచ్చిన 5060 లో 3,840. బొమ్మలో ఒక్కొక్క చుక్కకూ వెలుగు ఎంత, నీడ ఎంత అని లెక్క వెయ్యాలి కదా, ఆ పనికి ఇది కావాలి.

మా మనవరాలు మదురైలో కాలేజీ ముగించింది. బ్లెండరు అనే సాఫ్ట్‌వేరులో బట్టల బొమ్మలు చేస్తుంది. చొక్కా కుట్టకముందే కుట్టినట్టు చూపించే బొమ్మలు. తిరుప్పూరు కంపెనీ ఒకటి ఆగస్టులో పని ఇస్తామంది. ఇంట్లో ఉండే పాత కంప్యూటరులో ఒక్క బొమ్మ తయారు కావడానికి రాత్రంతా పట్టేది. మా అల్లుడేమో "తై నెల పుడితే సంబంధాలు చూస్తాము మామా, అంతలోపల సంపాదన ఉంటే చూద్దాం" అన్నాడు. వాళ్ళమ్మ మిల్లుకు షిఫ్టు పోతా ఉంది, ఆమె ఏమీ అనలేదు. అంటే చేతిలో ఉండేది అయిదు నెలలు.

దుడ్లు ముప్పై వేల లోపల కావాలి. అంగడి వాళ్ళు ధర చెప్తే ఎక్కువో తక్కువో మనకెట్ల తెలుస్తుంది? మనవరాలు ఒక లెక్క చూపించింది. 5060 కి కంపెనీ పెట్టిన ధర 299 డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేస్తే 25,415. దాని మీద జీఎస్టీ 18 శాతం, 4,575. మొత్తం 29,990. దీని మీద అంగడివాడు వెయ్యి రెండువేలు చెప్తే సరే, అయిదారు వేలు చెప్తే ఇంకొక అంగడి చూడాల. ఈ లెక్క ఏ కార్డుకైనా వేసుకోవచ్చు. 5060 టీఐ అని 16 జీబీ మెమొరీ ఉండేది 429 డాలర్లు, అది 43 వేలు దాటతా ఉంది. దాన్ని పక్కన పెట్టేసినాం.

5060 వేగం ఎక్కువ. కానీ దాని మెమొరీ 8 జీబీ. 3060 పాతది, 2021 ఫిబ్రవరిలో వచ్చింది, వేగం తక్కువ, కానీ మెమొరీ 12 జీబీ. బట్టల బొమ్మల్లో నూలు పోగు కూడా కనపడాల కాబట్టి మెమొరీ తొందరగా నిండిపోతుందంట. నిండితే పని నత్తనడక పడుతుంది, లేకపోతే నిలిచిపోతుంది. ఫ్రేము ఎంత వేగం తిరిగినా బాబిను చిన్నదైతే ఏమి లాభం? ఆటలు ఆడుకునే పిల్లవాడికైతే నేను 5060 నే చెప్పేవాణ్ణి. ఏఎండీ, ఇంటెల్ కార్డులు కూడా చూసినాం. ఇంటెల్ బీ580 లో 12 జీబీ ఉంది, ధర 249 డాలర్లే, కానీ పాత కంప్యూటర్లకు అది సరిగా కుదరదు. బ్లెండరు పనికి ఎన్విడియానే తొందరగా చేస్తుందని వాళ్ళ మాస్టరు కూడా చెప్పినాడు.

ఇంక ఎప్పుడు కొనేది అనేదే పెద్ద గొడవ. అల్లుడు దీపావళి బోనసు దాకా ఆగమన్నాడు. ఆగలేకపోతే రెండు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. పాతిక వేలకు నెలకు అయిదు నూర్లు వడ్డీయే పోతుంది. దీపావళి ఆఫరులో తగ్గేది వెయ్యో రెండువేలో. తిరుప్పూరు పని దీపావళి దాకా కాచుకుంటుందా?

నేను పత్తి లెక్క చెప్పినాను. కొత్త పత్తి దిగినప్పుడే మిల్లు వాళ్ళు కొని గోడౌను నింపుకుంటారు. కార్డుకూ సీజను ఉంది. 3060 వచ్చింది 2021 లో, 4060 వచ్చింది 2023 జూన్‌లో, 5060 వచ్చింది 2025 మేలో. రెండేళ్ళకొకసారి కొత్తది దిగతా ఉంది. కొత్తది వచ్చే ముందు నెలలో పాతది కొనడం నష్టం. వచ్చిన రెండు మూడు నెలలకు పాతదాని ధర దిగి నిలబడుతుంది. ఆగస్టు అంటే సరిగ్గా అదే. ఆగితే తగ్గుతుందనేది ఎప్పుడూ నిజం కాదు. 2021 లో క్రిప్టో నాణేల కోసం ఈ కార్డులన్నీ మూటలు మూటలుగా కొనేసినారు, చెప్పిన ధరకు ఎక్కడా దొరకలేదు. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారినాక ఆ పని నిలిచింది, వాడేసిన కార్డులు అంగళ్ళకు వచ్చినాయి. సెకండు హ్యాండు ఫ్రేము కొనే చిన్న మిల్లు ముందు బేరింగు చప్పుడు వింటుంది. పాత కార్డు కొనేవాళ్ళు ఫ్యాను చప్పుడు వినాల, బిల్లు అడగాల, గంటసేపు నడిపి చూడాల. బిల్లు లేదంటే వద్దు.

నా పోస్టాఫీసు ఆర్‌డీ ఆగస్టులోనే ముగిసింది. ఆ దుడ్లు ఇచ్చినాను. ఊరికే ఇస్తే వాళ్ళ నాయనకు మాట అవుతుందని, నెలకు రెండువేలు తిరిగి ఇవ్వమన్నాను. మదురైకి బస్సులో పోయి 12 జీబీ 3060 కొత్తది, మూడేళ్ళ వారంటీతో కొన్నాం. పోయే ముందు క్యాబినెట్టు లోపల టేపు పెట్టి కొలిచినాం. ఈ కార్డు 170 వాట్లు తింటుంది, 550 వాట్ల పవర్ సప్లై ఉండాల. మాది 450. అది మార్చడానికి ఇంకొక నాలుగు వేలు. కార్డుకు మాత్రమే దుడ్లు ఎత్తిపెట్టుకుని పోయేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. మన పెరియకుళంలో వోల్టేజి ఆడతా ఉంటుంది కాబట్టి యూపీఎస్ కూడా చూసుకోండి.

నవంబరులో ఏఐ కంపెనీలు మెమొరీ అంతా ఎత్తుకుపోతా ఉన్నాయని మెమొరీ ధరలు ఎగిరినాయి. అల్లుడు ఆ వార్త నాకే చదివి వినిపించినాడు, ఇంకేమీ అనలేదు.

ఇది రాసేటప్పటికి మార్గళి నెల. రాత్రంతా పట్టే బొమ్మ ఇప్పుడు అన్నం తినేలోపల అవుతా ఉంది. తిరుప్పూరు వాళ్ళు మూడుసార్లు పని ఇచ్చినారు, రెండింటికి దుడ్లు వచ్చినాయి, మూడోది రావాల. నాకు మూడు వాయిదాలు కట్టింది. తై పుట్టడానికి ఇంకా పద్దెనిమిది దినాలు ఉన్నాయి.