తాళము తప్పిన దేహము

ఆళ్లగడ్డ శిల్పి రాతిపై ఉలి మోపుటకు ముందే ముఖప్రమాణమును నిర్ణయించుకొనును. ఆ ముఖపు నిడివియే తాళమై, తక్కిన దేహమంతయు దాని గుణిజములుగా సాగి, నవతాళమో దశతాళమో అయిన దేవతామూర్తి యగుచున్నది. ముఖము గుండ్రముగా ఉబ్బి, మెడ వెనుక క్రొవ్వు గూడుకట్టి, పొట్ట పెరిగి, తొడలును భుజములును మాత్రము శుష్కించి, మనుష్యదేహమున ఆ లెక్కయంతయు తాఱుమాఱగు వ్యాధి యొకటి కలదు. హార్వే కుషింగ్ అను అమెరికా మెదడు శస్త్రవైద్యుడు 1912లో దానిని వర్ణించి, 1932లో పీయూషగ్రంథి (పిట్యూటరీ)లోని చిన్న కణితితో దానికి గల సంబంధమును వివరించినందున, ఆయన పేరే దానికి స్థిరపడినది.

మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథుల స్రావమైన కార్టిసాల్ స్వభావరీత్యా మనకు మిత్రమే. ఉదయమున హెచ్చి, అర్ధరాత్రికి అడుగంటుచు, రక్తపోటును చక్కెరను నిలిపి, జ్వరము వచ్చినను గాయమైనను మనలను కాచునది అదియే. నెలల తరబడి అది మితిమీరినచో ఈ వ్యాధి కలుగును; కండ కరగును, ఎముక గుల్లబారును, చర్మము పలుచనై కాస్త తగిలినను కమిలిపోవును, పొట్టపై ఊదారంగు చారలు తేలును, మధుమేహమును రక్తపోటును వచ్చి చేరును.

"ఒళ్లు చేసినావు గదమ్మా, మందు బాగా పట్టినట్టుందే!" అని నంద్యాల వీధిలో ఇరుగుపొరుగు మెచ్చుకొను ఇల్లాలే, పొయ్యి ముందు కూర్చుండి లేచుటకు గోడ పట్టుకొనుచుండవచ్చును. తూకపుయంత్రము చెప్పు సంఖ్యకన్న ఆ గోడ పట్టిన చేయి వ్యాధిని గూర్చి ఎక్కువ చెప్పునని నా నమ్మకము.

కణితివలన వచ్చు కుషింగ్ అరుదు. లోకమున ఎక్కువగా కనిపించునది మందుతో తెచ్చుకొన్నది. 1948లో కీళ్లవాతముతో కదలలేని రోగి కార్టిసాల్ జాతిదైన కార్టిసోన్ సూదులతో లేచి నడచుట చూచి వైద్యలోకము విస్తుపోయినది. రెండేండ్లకే ఆ మందును శోధించినవారికి నోబెల్ బహుమానము దక్కినది. ఆ జాతి మందులే, ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అను పేళ్లతో, ఒక్కొక్కప్పుడు ఏ పేరును లేకయే, మోకాళ్లనొప్పికి ఆర్‌ఎంపీ కట్టియిచ్చు కాగితపు పొట్లములో చేరుచుండును. నాట్లలో వంగి నడుము విరిగిన మనిషికి మూడు దినములలో నొప్పి పోయినచో, మరల అదే మాత్ర అడిగినందుకు అతనిని తప్పుపట్టుటెట్లు? మందు చెడ్డదియు గాదు; ఉబ్బసమున, మూత్రపిండ వ్యాధులందు, 2020లో ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగులయందు ఎందఱి ప్రాణములనో నిలిపినది. లెక్కలేక మ్రింగుటయే చేటు.

అయితే ఈ వ్యాసము చదివి మాత్రలను నేడే విసరివేయుట అంతకన్న ప్రమాదము. బయటి మందు అలవాటైన దేహమున పీయూషగ్రంథి ఆజ్ఞలు మాని, ఆ ఆజ్ఞలు లేక అధివృక్కము కృశించియుండును. హఠాత్తుగా మానినచో వాంతులు, రక్తపోటు పడిపోవుట, తుదకు ప్రాణాపాయము. వారములకో నెలలకో కొంచెము కొంచెముగా వైద్యుడే తగ్గించవలెను.

ఈ జాతి మందేదియు వాడనివారికే కణితిని వెదకు పరీక్షలు. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి, మఱునాటి ఉదయము 8 గంటలకు రక్తము తీయుదురు. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకు దిగనిచో మఱింత శోధింతురు. పీయూషగ్రంథిలోని కణితియైనచో ముక్కుదారిని తీసివేయవచ్చును. కాని మునుపటి మాత్రల సంగతి దాచినచో ఈ లెక్కలన్నియు తప్పుదారి పట్టును. కావున ఆళ్లగడ్డనుండి నంద్యాలకో కర్నూలుకో బయలుదేరువారు పాత చీటీలను, ఖాళీ మాత్రల అట్టలను, అవి లేనిచో పొట్లములో మిగిలిన విడి మాత్రలనైనను వెంట కొనిపోయి వైద్యుని బల్లపై పెట్టవలెను.