బండి నడుపువారికి ఫోను చేయఁగల మేలు



కూర్మనాథుని క్షేత్రమైన శ్రీకూర్మమునుండి వచ్చినవాఁడు బండి జాగ్రత్తగా నడపుఁడని బోధించుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. తాఁబేళ్ల యూరివాఁడు మఱేమి చెప్పునని మీరనుకొందురు. అనుకొన్నను దోసము లేదు. స్మార్టుఫోనులో నమర్చుకొను యాప్‌లలోఁ గొన్ని యిప్పుడు మనము బండి నడపు తీరును కనిపెట్టి, లెక్కగట్టి, బడిపంతులువలె మార్కులు వేయుచున్నవి. వానివలన రోడ్డుమీఁది ప్రాణహాని తగ్గునా, తగ్గినచో నెట్లు తగ్గును అను విషయమును నేఁడు ముచ్చటింతును.

ముందుగా హాని యెంతటిదో వినుఁడు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారు ప్రకటించిరి. అందు నూటికి 70 మందికిఁ బైగా అతివేగమువలనఁ గలిగిన ప్రమాదములలోఁ బోయినవారు. చనిపోయినవారిలో నూటికి 44 గురు ద్విచక్ర వాహనములవారు. మా శ్రీకాకుళమువారు ఈ యంకెలను కన్నీటితో నెఱుఁగుదురు. 2012 నవంబరు 2వ తేదీన, రాత్రివేళ, రణస్థలము సమీపమున జాతీయ రహదారిపైఁ గింజరాపు ఎర్రన్నాయుడుగారి కారు ట్యాంకరు లారీని ఢీకొనఁగా ఆయన అసువులు బాసిరి. నాలుగు పర్యాయములు లోక్‌సభకు ఎన్నికైన నాయకులు గనుక ఆ వార్త దేశమంతటఁ దెలిసినది. మోటారు సైకిళ్లపైఁ బోయి మరలిరాని పిల్లల పేరులు వారి వీథి దాఁటి పోవు.

ఫోను మన నడపు తీరును ఎట్లు గ్రహించును? బస్సులో నిలుచుండఁగా డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసినచో మనము ముందునకుఁ దూలుదుము. మలుపు త్రిప్పినచోఁ బ్రక్కకు ఒరగుదుము. ఫోనులో గోటికంటెఁ జిన్నదైన యొక తునకయందు, కంటికిఁ గానరాని సిలికాను తీఁగెలపై నొక సూక్ష్మమైన బరువు నిలిచియుండును. అదియు మనవలెనే తూలును. ఎంత తూలినదో విద్యుత్తు కొలిచి చెప్పును. మఱియొక తునక తిరుగుడును కొలుచును. ఉపగ్రహముల సంకేతములవలన బండి యున్న చోటును, దాని వేగమును తెలియును. ఇల్లు చేరిన పిదప యాప్‌ను తెఱచి చూచినచో, ఎచ్చట వేగము మించినది, ఎచ్చట బ్రేకు గట్టిగాఁ బడినది, ఎచ్చట ఫోను చేతిలోనికి వచ్చినది, అన్నియుఁ బటముపైఁ గానవచ్చును.

ఈ విద్యకుఁ దొలిమెట్లలోఁ గొన్ని 2008లోఁ బడినవి. బెంగుళూరులోని మైక్రోసాఫ్టు పరిశోధనశాలవారు జేబులోని ఫోనుతోనే రోడ్డుమీఁది గుంతలను, హారను మ్రోఁతలను సయితము గుర్తింపవచ్చునని చూపిరి. ఆ యేడే అమెరికాలోని బోస్టను నగరమున టాక్సీలలో యంత్రములుంచి గుంతలను కనిపెట్టినవారిలో ఎం.ఐ.టి. ఆచార్యులు హరి బాలకృష్ణన్‌గారొకరు. ఆయన మఱికొందఱతోఁ గూడి 2010లో నెలకొల్పిన సంస్థ యిట్టి యాప్‌లను బీమావారికి సమకూర్చినది. 2020లో ఆయనకు ఇన్ఫోసిస్ బహుమానము లభించినది. మన దేశమునఁగూడ 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థవారు, బండి నడపు తీరును బట్టి ప్రీమియము నిర్ణయించు పద్ధతికి అనుమతినిచ్చిరి.

ముప్పదియైదేండ్లు మార్కులు వేసినవాఁడను గనుక వాని బలమును, బలహీనతను కొంత యెఱుఁగుదును. మార్కు తెలిసినంతనే బాలుఁడు మాఱఁడు. అమెరికాలోఁ బెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఈ సంగతినే బండ్లవారిపైఁ బరీక్షించి, 2022లో ఫలితము ప్రకటించిరి. ఇతరులతోఁ బోల్చి నీ స్థానమిది యని చెప్పుట యొక్కటియే చాలలేదఁట. కొంత ధనము తోడైనప్పుడు, నడపుచు ఫోను పట్టుకొనుట తగ్గినదఁట. మా బడిలోఁ గూడ నంతియే; బహుమానపు పలక కనఁబడినప్పుడు పద్యము తొందరగా వచ్చెడిది.

ఇంకొక చిక్కు కలదు. మా వైపున కోఁతల కాలమున రోడ్డుమీఁదనే ధాన్యమారఁబోయుదురు. మేఁకపిల్ల అడ్డము వచ్చును. అప్పుడు గట్టిగా బ్రేకు వేసినవానికి యాప్ మార్కులు తగ్గించును. వాఁడు చేసినది మంచిపనియే గదా! కావున ఒక్కనాఁటి లెక్క చూచి నొచ్చుకొనరాదు. నెల లెక్కలోఁ గూడ గట్టి బ్రేకులు హెచ్చుగా నున్నచో, ముందుబండికి మిక్కిలి దగ్గఱగాఁ బోవుచున్నామని గ్రహింపవలెను. ఆర్టీసీ బస్సెక్కిననాఁడు డ్రైవరు తప్పులు మన ఖాతాలోఁ బడవచ్చును. అట్టియెడ నేను నడపలేదని మనమే దిద్దవలెను.

నేను మార్కులకంటె ఎక్కువగా మెచ్చునది, బండి కదలుచుండఁగా ఫోనును నోరు మూయించు ఏర్పాటు. గంటకు 60 కిలోమీటర్ల వేగమునఁ బోవువాఁడు మూఁడు సెకండ్లు ఫోను చూచినచో, 50 మీటర్లు కన్నులు మూసికొని పోయినట్లే. శ్రీకూర్మమునుండి శ్రీకాకుళము సుమారు 13 కిలోమీటర్లు. ఆ కొద్ది దారిలోఁ గాలేజీకిఁ బోవు పిల్లవానికి ఇంటినుండి రెండు మూఁడు మాఱులు పిలుపు వచ్చుట నేనెఱుఁగుదును. "చేరిపోయినావా నాయనా?" అని తల్లి ప్రేమచేతనే పిలుచును. వాఁడును ప్రేమచేతనే హెల్మెట్టు సందున ఫోను దూర్చి, ఒంటిచేత బండి పట్టి, బదులు పలుకును. ఆ క్షణమున లారీ యెదురు వచ్చినచోఁ దప్పెవ్వరిది?

2016లో శాంసంగువారు మన దేశపు మోటారు సైకిలువారికై యొక సౌకర్యము తెచ్చిరి. పిలిచినవారికి, ఆయన బండిపై నున్నాఁడు, అత్యవసరమైనచో ఒకటవ అంకె నొక్కుఁడు, అని వినఁబడెడిది. నొక్కినచో ఆ సంగతి నడపువానికిఁ దెలిసెడిది గాని, బండి యాగిన పిదపనే వాఁడు బదులు పలుకఁగలిగెడివాఁడు. 2017లో ఆపిలువారును తమ ఫోనులలో, బండి నడచునంతసేపు సందేశములను అణఁచియుంచు పద్ధతిని బెట్టిరి. ఇందుఁ బాఠము నడపువానికే కాక పిలుచువారికిఁ గూడఁ జెప్పఁబడుచున్నది. అది నాకు మిక్కిలి నచ్చినది. చట్టమును ఈ మాటయే చెప్పుచున్నది. 2020 అక్టోబరునుండి, నడపువాఁడు చేతిఫోనును దారి తెలిసికొనుటకు మాత్రమే, అదియు దృష్టి చెదరకుండ, వాడుకొనవచ్చును.

దారి చూపు యాప్ మాటాడుట వేఱు. 2021లోఁ గేంద్ర రవాణా శాఖ, మద్రాసు ఐ.ఐ.టి., మ్యాప్‌మైఇండియా వారు కలసి తెచ్చిన యాప్, తఱచుగాఁ బ్రమాదములు జరుగు చోటులను ముందుగా నోటితో హెచ్చరించును. కన్ను రోడ్డుమీఁదనే యుండును. పోలీసు కెమెరా యెచ్చట నున్నదో చెప్పు యాప్‌లను మాత్రము నేను మెచ్చను. అవి కెమెరా దాఁటువఱకే మెల్లగాఁ బోవుట నేర్పును.

వాడఁగోరువారు బయలుదేఱుటకు ముందే ఇంటియొద్ద ఆ యేర్పాటు చేసికొనుఁడు; లెక్క చూచుట ఇల్లు చేరిన పిదప. ద్విచక్ర వాహనమువారు ఫోనును వదులు జేబులో నుంచినచోఁ గొలఁత చెడును. యాప్ మొదట కొన్ని యనుమతులు కోరును. మనమున్న చోటు తెలియుట దానికి అవసరమే. మన స్నేహితుల నంబరులతోఁ బనిలేదు. బీమావారి యాప్ అయినచో, లెక్కను ఎవరికిఁ జూపుదురో, ఎంతకాలముంతురో ఆ కాగితములో వ్రాసియుండును. చిన్న యక్షరములని విడువక, ఇంటిలోఁ జదువుకొన్న పిల్లలచేఁ జదివించుకొనుఁడు.