అమెరికా వెళ్తూ ఇంటికి తాళం వేస్తున్నారా? గోదావరి ఒడ్డున అయితే వరద లెక్క కూడా చూసుకోండి!

పట్టిసీమ: సంక్రాంతికి తెరుచుకున్న ఇళ్లు శివరాత్రి తిరునాళ్లు అయ్యాక ఒక్కొక్కటిగా మూతపడతాయి. అమెరికా, కెనడాల్లో పిల్లల దగ్గర ఉండే పెద్దలు చాలామంది చలికాలం ఊళ్లో గడిపి, అక్కడ మంచు తగ్గే సమయానికి తిరుగు ప్రయాణం కడతారు. మళ్లీ వచ్చేది వచ్చే సంక్రాంతికే. ఈలోగా ఎండాకాలం, గోదావరి వరదలు రెండూ ఖాళీ ఇంటి మీదుగానే పోతాయి. అందుకే తాళం వేసేది ఫిబ్రవరిలోనే అయినా, ఇల్లు సర్దాల్సింది ఆగస్టును దృష్టిలో పెట్టుకుని.

వరద ఎప్పుడొస్తుంది?
గోదావరికి వరద ఎక్కువగా జులై నుంచి సెప్టెంబరు మధ్య వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022లో జులైలోనే 71.3 అడుగులకు చేరింది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవి 11.75, 13.75, 17.75 అడుగులు. పట్టిసీమ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. పైన భద్రాచలంలో నీరు పెరిగిందంటే, కిందికి వచ్చేలోపు కొన్ని గంటల టైమ్ దొరుకుతుంది. విదేశంలో ఉన్నవాళ్లు ఫోన్‌లో చూడాల్సింది ఈ నంబర్లే.

సామాను ఎక్కడ పెట్టాలి?
ఇంట్లోకి గతంలో ఎంత ఎత్తు వరకు నీళ్లు వచ్చాయో ఇరుగుపొరుగును అడగాలి. దానికంటే పైన, అంటే అటక మీదో మేడ మీదో ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ, పరుపులు, బట్టలు పెట్టాలి. ఖాళీ సిలిండర్ నీళ్లలో తేలి కొట్టుకుపోతుంది, కాబట్టి రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, కట్టి ఉంచాలి. భూమి పత్రాలు, పాస్‌బుక్కులు, బంగారం ఇంట్లో వద్దు. బ్యాంకు లాకరే మేలు.

కరెంటు, నీళ్లు
మెయిన్ స్విచ్ ఆపాలి. ఇన్వర్టర్‌ను విడిగా ఆపడం మర్చిపోవద్దు. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉంచాలి. లేదంటే బూజు పడుతుంది. వాడకం లేకపోయినా కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ వస్తూనే ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు. మేడ మీద ట్యాంకు, తొట్లు, పూలకుండీల కింద పళ్లేలు ఖాళీ చేయాలి. నిలిచిన నీళ్లలోనే డెంగీ దోమ పెరుగుతుంది. బాత్‌రూమ్ జాలీలకు మూతలు పెట్టాలి. గొట్టంలో నీళ్లు ఎండిపోతే దుర్వాసన, బొద్దింకలు పైకి వస్తాయి. బియ్యం, పప్పులు మిగిలితే ఎవరికైనా ఇచ్చేయడమే మంచిది. చెక్క బీరువాలను గోడకు ఆనించకుండా జరిపితే చెదలు పడితే త్వరగా కనిపిస్తుంది.

పోలీసులకు చెప్పారా?
తాళం వేసిన ఇళ్ల కోసం ఏపీ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే సేవ తెచ్చారు. యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఊరు వెళ్లేముందు రిక్వెస్ట్ పెడితే ఇంట్లో కెమెరా బిగిస్తారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ వెళ్తుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. అయితే తమ స్టేషన్ పరిధిలో ఈ సేవ ఉందో లేదో, ఎన్నాళ్లు ఉంచుతారో ముందే కనుక్కోవాలి. "బైబై ఇండియా" అంటూ వాట్సాప్ స్టేటస్‌లో ఎయిర్‌పోర్టు ఫొటోలు పెట్టడం మాత్రం దొంగలకు కబురు పంపినట్టే.

తాళం చెవి ఎవరికి?
అన్నిటికంటే ముఖ్యం ఇదే. పక్కింటి బాబాయికో, ఊళ్లోనే ఉండే చెల్లెలికో ఒక తాళం చెవి ఇవ్వాలి. నెలకోసారి తలుపులు తీసి గాలి ఆడనివ్వమని, పైకప్పు మీద రాలిన కొబ్బరి మట్టలు తీయించమని, మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే ఒకసారి ఇల్లు చూడమని చెప్పాలి. ఆ ఖర్చుకు కొంత డబ్బు కూడా ముందే ఇచ్చి వెళ్లాలి.

వరద వచ్చి తగ్గాక కూడా తొందర వద్దు. పాములు లోపల దూరి ఉంటాయి, గోడలు తడిసి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నాకే మెయిన్ వేయాలి. ఈ మాట కూడా తాళం చెవి తీసుకునేవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.