వేరుశనగ పీకిన చేనికి తిరిగి ఏమిస్తున్నాం?



అనంతపురం వైపు ఎర్రనేలల్లో వేరుశనగ పీకిన చేను ఎట్లుంటుందో మీకు తెలియనిది కాదు. కాయ ఇంటికి, కట్టె వామికి పోతాయి. మొక్కను వేరుతో సహా పెరికితిమి, ఇక నేలలో మిగిలిందేమిటి? రాలిన నాలుగాకులు. వేరుశనగ పప్పుజాతి పైరు, దాని వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయని చాలామంది ధీమా. చేలో మిగిల్చిన మేరకే ఆ మాట నిజం.

నేలకు బలము మాగిన సేంద్రియ పదార్థము. అందులో సగానికి పైగా కర్బనమే. ఆకు, వేరు, పెంట నేలలో పడితే సూక్ష్మజీవులు వాటిని తిని చాలాభాగం బొగ్గుపులుసు గాలిగా వదలివేస్తాయి. మిగిలిన కొద్దిపాటి కర్బనం మట్టిని అంటిపెట్టుకొని వాననీటిని పట్టి ఉంచుతుంది. వేడి ప్రాంతాల్లో ఈ ఖర్చు ఎక్కువ. దున్నినకొద్దీ గాలి తగిలి ఇంకా పెరుగుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట, రెండు వానల నడుమ పైరు నిలవడానికి ఇదొక పెద్ద ఆదరువు. భూసార పరీక్షలో కర్బనం 0.5 శాతానికి తక్కువ వస్తే నేల నీరసించిందన్నమాట.

అనంతపురంలో ఏటా వేరుశనగే వేస్తూ 20 సంవత్సరాలు పరీక్ష జరిపారు. ఎరువు వేయని మళ్లలో కర్బనం తరిగిపోయింది. సిఫారసు చేసిన రసాయనిక ఎరువులో సగం, హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మళ్లలో అన్నిటికంటె ఎక్కువ నిలిచింది. ఉన్న కర్బనం తరగకుండా ఉండడానికే హెక్టారుకు ఏటా 1.1 టన్నుల కర్బనం చేరాలని తేలింది. అంటే ఎకరానికి టన్ను పైచిలుకు ఎండు చెత్త. కరువు ఏడు కట్టె మొత్తం కలిపినా అంత తూగదు!

పశువులను పస్తు పెట్టి కట్టె దున్నమని నేను చెప్పను. మేపండి, పేడ మాత్రం పిడకలు కానీయకండి. కాయ ఆడించిన తరువాత పొట్టును మిల్లులో వదిలిరాకండి. పచ్చిగా చల్లితే దానితో కుళ్లు తెగుళ్లు రావచ్చును. కొట్టంలో పశువుల కింద పరిస్తే మూత్రం పీల్చుకుంటుంది. ఆపైన గుంటలో మాగవేసి తొలకరికి ముందు చేనికి తోలండి.

ఇక పైరు మార్పిడి. మరుసటి ఏడు జొన్న గాని కొర్ర గాని వేస్తే, కోసుకున్నది పోగా మొదళ్లు, గుబురు వేళ్లు నేలలోనే ఉంటాయి. వేరుశనగ తప్పదంటారా, ఏడు సాళ్లకొక సాలు కంది పెట్టండి. కంది వేరు లోతుకు దిగుతుంది, ఆకు చేలోనే రాలుతుంది. వెనుక వానలు పడితే ఉలవ చల్లండి.

జొన్నకు వేరుశనగంత డబ్బు రాదన్నది నిజమే. కనుక చేనంతా ఒక్కసారి మార్చనక్కరలేదు, మూడోవంతు మార్చి చూడండి. మొదటి ఏడు కంటికేమీ ఆనదు. మార్చిన చెక్కలోను, మార్చని చెక్కలోను వేరువేరుగా మట్టి తీసి పరీక్షకు పంపి, కాగితాలు దాచుకోండి. నాలుగైదేళ్లకు మళ్లీ తీయించి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చును.