మిస్ మార్పుల్

మిస్ జేన్ మార్పుల్ ప్రసిద్ధ ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ (1890-1976) సృష్టించిన అపరాధ పరిశోధకురాలి పాత్ర. ఈమె అవివాహిత, వృద్ధురాలు. ఇంగ్లాండులోని సెయింట్ మేరీ మీడ్ అనే కల్పిత గ్రామంలో నివసిస్తుంది. ఈమె పోలీసు ఉద్యోగి కాదు, వృత్తిరీత్యా డిటెక్టివు కూడా కాదు. ఉన్ని అల్లుకొనుట, తోటపని, తేనీటి వేళ ఇరుగుపొరుగు వారితో ముచ్చట్లు ఈమె దినచర్య. అయినను 12 నవలలలోను, 20 కథలలోను పోలీసులకు కొరుకుడు పడని నేరాల గుట్టును ఈమె విప్పినది. క్రిస్టీ పాత్రలలో హెర్క్యూల్ పొయిరో తరువాత అంతటి పేరు పొందినది ఈమెయే.

పాత్ర పుట్టుక

1926లో వెలువడిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్" నవలలో కారొలిన్ షెపర్డ్ అనే పాత్ర ఉన్నది. ఊరి వైద్యునికి అక్కగారైన ఈమె ఇల్లు కదలకుండానే ఊరి సంగతులన్నీ సేకరిస్తుంది. ఈ పాత్రపై తనకు గల ఇష్టమే మిస్ మార్పుల్‌కు మూలమై ఉండవచ్చునని క్రిస్టీ తన ఆత్మకథలో తెలిపినది. తన అమ్మమ్మ వరుస అయిన వృద్ధురాలి స్వభావం కూడా ఇందులో కొంత కలిసినది. ఆ పెద్దావిడ ఎవరి గురించి అయినా చెడునే ఊహించేదట, ఆ ఊహ తరచుగా నిజమయ్యేదట.

మిస్ మార్పుల్ తొలిసారి 1927 డిసెంబరులో "ది ట్యూజ్‌డే నైట్ క్లబ్" అనే కథలో కనిపించినది. ఆమె ఇంటిలోనే కొందరు కూర్చుని, తాము ఎరిగిన చిక్కుముడులను ఒక్కొక్కరుగా చెప్పుకొందామని నిర్ణయించుకొంటారు. అక్కడ ఉన్నవారిని లెక్కపెట్టిన చిత్రకారిణి ఐదుగురమని అంటుంది. ఇంటి యజమానురాలైన ముసలమ్మ ఆ లెక్కలోనే లేదు! తనను మరచినట్లు మిస్ మార్పులే నవ్వుతూ గుర్తుచేయవలసి వస్తుంది. ఆ తరువాత సమస్యను పరిష్కరించేది ఆమెయే. ఈ పాత్ర బలమంతా ఈ చిన్న సన్నివేశంలోనే ఉన్నదని చెప్పవచ్చును. ఎవరూ లెక్కచేయని మనిషి ముందు ఎవరూ జాగ్రత్తపడరు. తొలి నవల "ది మర్డర్ ఎట్ ది వికరేజ్" 1930లో వచ్చినది.

స్వర్ణయుగం

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలాన్ని ఆంగ్ల అపరాధ పరిశోధక సాహిత్యానికి స్వర్ణయుగమని అంటారు. పరిశోధకునికి దొరికిన ఆధారాలన్నీ పాఠకునికి కూడా అందవలెననుట ఆనాటి ప్రధాన నియమం. రొనాల్డ్ నాక్స్ 1929లో ఇట్టి నియమాలను పదింటిని కూర్చినాడు. వృద్ధ స్త్రీ పరిశోధించుట క్రిస్టీతోనే మొదలు కాలేదు. అమెరికా రచయిత్రి ఆనా కేథరిన్ గ్రీన్ 1897లోనే అమీలియా బటర్‌వర్త్ అనే పాత్రను సృష్టించినది. 1928లో పాట్రీషియా వెంట్‌వర్త్ ప్రవేశపెట్టిన మిస్ సిల్వర్ పూర్వం పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పిన పంతులమ్మ. ఆమె కూడా ఉన్ని అల్లుతూనే ఆలోచిస్తుంది.

పరిశోధనా పద్ధతి

మనుష్య స్వభావం ఎక్కడైనా ఒక్కటే అన్నది మిస్ మార్పుల్ నమ్మకం. కొత్త నేరాన్ని చూడగానే ఆమెకు తన ఊరిలో జరిగిన ఏదో చిన్న సంగతి జ్ఞాపకం వస్తుంది. "ది బాడీ ఇన్ ది లైబ్రరీ" (1942)లో గ్రంథాలయపు గదిలో యువతి శవాన్ని చూసినప్పుడు, కొత్త పంతులమ్మ గడియారానికి కీ ఇవ్వబోగా లోపలినుండి కప్ప దూకిన అల్లరి ఆమెకు గుర్తుకు వస్తుంది. వినేవారికి ఇది చాదస్తంగా తోస్తుంది. కానీ ఎవరో కావాలని ఏర్పాటు చేసిన దృశ్యమిది అన్న సూచన అందులో ఉన్నది.

మన పాఠకులకు ఇది కొత్త కాదు. వెంకటగిరికోట, పుంగనూరు ప్రాంతపు పల్లెలలో వీధి తిన్నె మీద కూర్చునే అవ్వను తలచుకొంటే చాలును. ఎవరి ఇంటికి ఏ వేళ ఎవరు వచ్చిపోయినారో, ఎవరి తాత ఎటువంటివాడో ఆమెకు తెలియనిది ఉండదు. మన కొమ్మూరి సాంబశివరావు నవలలలోని డిటెక్టివ్ యుగంధర్‌కు రాజు వంటి సహాయకుడు ఉన్నాడు. మిస్ మార్పుల్‌కు ఉన్నది అవ్వకు ఉన్నటువంటి జ్ఞాపకశక్తి మాత్రమే.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఫలానావాడు మా ఊరి ఫలానావానివలె ఉన్నాడనుట న్యాయస్థానంలో సాక్ష్యం కాదు. అందువలననే చాలా నవలలలో చివరకు వలపన్ని నేరస్థుని బయటపెట్టవలసి వస్తుంది.

నిందపడ్డ నిర్దోషులు

ఊరివారి గుసగుసలు మనుషులను నాశనం చేయగలవని మిస్ మార్పుల్‌కు తెలుసు. పైన చెప్పిన నవలలో శవం దొరికినది కల్నల్ బాంట్రీ ఇంటిలో. నేరస్థుడు దొరకకపోతే బ్రతికినంత కాలం ఆయనపై అనుమానం మిగులుతుంది, పిలుపులు తగ్గుతాయి, స్నేహితులు తప్పుకొంటారు. నిర్దోషిని ఈ స్థితినుండి తప్పించుటకే ఆమె పూనుకొంటుంది. అనగా ఒకరిని కాల్చే గుసగుసలనుండియే ఆమె నిజాన్ని ఏరి తీస్తుంది. "ది మూవింగ్ ఫింగర్"లో ఊరంతటిని పీడించేవి ఆకాశరామన్న ఉత్తరాలు.

"ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై" (1953)లో హతులైనవారిలో గ్లాడిస్ అనే పనిపిల్ల ఒకతె. ఆమెకు పని నేర్పినది మిస్ మార్పులే. చంపినవాడు శవం ముక్కుకు బట్టలు ఆరవేసే క్లిప్పు తగిలించి అవమానించినాడు. ఎవరూ పిలువకపోయినను, ఆ దిక్కులేని పిల్ల కొరకు మిస్ మార్పుల్ కోపంతో బయలుదేరి వస్తుంది. ఆమె నవలలలో ఇంతటి ఆర్ద్రత గలవి తక్కువ.

మారుతున్న గ్రామం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లాండు పల్లె మారినది. పూర్వం కొత్తవారు ఊరిలో దిగితే ఎవరో ఒకరి పరిచయ పత్రంతో వచ్చేవారు. "ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్" (1950)లో పొరుగువారు ఎవరో తెలియుటకు వారు చెప్పుకొన్న మాట, రేషను పుస్తకం తప్ప మరే ఆధారమూ లేదు. ఊరి జ్ఞాపకంపై ఆధారపడిన పరిశోధకురాలికి ఇది నిజమైన పరీక్ష. రచయిత్రి పన్నిన కథలలో ఇది మిక్కిలి బిగువైనది. "ది మిర్రర్ క్రాక్‌డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్" (1962) నాటికి సెయింట్ మేరీ మీడ్‌లోనే కొత్త ఇండ్ల కాలనీ వెలసినది.

చివరిగా వ్రాసినది "నెమిసిస్" (1971). చాలా ఏండ్ల ముందే వ్రాసి దాచిన "స్లీపింగ్ మర్డర్" రచయిత్రి మరణానంతరం 1976లో వెలువడినది.

చలనచిత్రాలు

మార్గరెట్ రూథర్‌ఫర్డ్ 1961-64 మధ్య నాలుగు చిత్రాలలో ఈ పాత్ర ధరించినది, అయితే వాటిలో హాస్యం పాలు ఎక్కువ. 1984-92 మధ్య బి.బి.సి. ధారావాహికలో జోన్ హిక్‌సన్ మొత్తం 12 నవలలలోను నటించినది. 2003లో రితుపర్ణ ఘోష్ "ది మిర్రర్ క్రాక్‌డ్" ఆధారంగా బెంగాలీలో "శుభ మహూరత్" నిర్మించినాడు. అందులో మిస్ మార్పుల్ రంగా పిషిమా అయినది, అనగా మేనత్త. ఆ పాత్ర ధరించిన రాఖీకి ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం లభించినది.