కట్టు మార్చడానికి రెండు జతల గ్లోవ్స్ ఎందుకు?

1889-90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణాల ఘాటుకు పుండ్లు పడ్డాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం పలుచని రబ్బరు గ్లోవ్స్ చేయించారు. అంటే అవి మొదట కాపాడింది రోగిని కాదు, నర్సు చర్మాన్ని!

నేటికీ చాలామందికి గ్లోవ్స్ అంటే తమ రక్షణే. అందుకే కట్టు మార్చడంలో అసలు పొరపాటు మధ్యలో జరుగుతుంది. పాత కట్టు విప్పిన గ్లోవ్స్‌కు చీము, రక్తం, వాటిలోని బాక్టీరియా అంటుకుంటాయి. వాటితోనే కొత్త గాజుగుడ్డను ముట్టుకుంటే ఆ మురికి తిరిగి పుండులోకే చేరుతుంది. కాబట్టి విప్పిన కట్టుతోపాటే గ్లోవ్స్‌నూ తీసి పారేయాలి. చేతులు శుభ్రం చేసుకుని, కొత్త జత తొడుక్కున్నాకే పుండును తుడవాలి. గ్లోవ్స్ పైనే శానిటైజర్ రాసుకుని పని కానిస్తే చాలదు.

గ్లోవ్స్ ఉన్నా చేతులు కడగడం ఎందుకు? వాటికి కంటికి కనిపించని రంధ్రాలు ఉండవచ్చు. లోపలి వేడికి, చెమటకు చర్మంపై బాక్టీరియా పెరుగుతుంది. తీసేటప్పుడు బయటి మురికి వేళ్లకో మణికట్టుకో తగులుతుంది. అందుకే తొడుక్కునే ముందు, తీశాక కూడా శుభ్రత తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం శానిటైజర్‌తో 20-30 సెకన్లు రుద్దుకోవాలి. మురికి కనిపిస్తుంటే మాత్రం సబ్బు, నీళ్లే వాడాలి. దానికి మొత్తం 40-60 సెకన్లు పడుతుంది. ఇంట్లో మధుమేహ రోగి కాలిపుండుకు కట్టు మార్చేవారికీ ఇదే వరస. మధ్యలో ఫోన్ మోగి ఎత్తారా, ఆ జత కూడా మార్చాల్సిందే.