ఠాణా ఎవరికి జవాబుదారు?

న్యూఢిల్లీ: పోలీసు వ్యవస్థను గూర్చి పార్లమెంటులో ఏ సభ్యుడు ప్రశ్న వేసినా కేంద్ర హోం శాఖ సమాధానంలో తరచు కనిపించే వాక్యం ఒకటున్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోని అంశాలన్నదే ఆ వాక్యం. అది అక్షరాలా సత్యం. అదే ప్రశ్న రాష్ట్రాల శాసనసభలలో వేస్తే కొత్త ఠాణాల సంఖ్య, కొత్త వాహనాల లెక్క, కొత్త కమిషనరేట్ల పేర్లు వినవస్తాయి. ఠాణా అధికారి ఎవరికి జవాబుదారు అన్న అసలు ప్రశ్న మాత్రం అక్కడా ఇక్కడా అలాగే మిగిలిపోతున్నది.

ఠాణాల సరిహద్దులు గత పదేళ్ళలో మారినంతగా అంతకు ముందు చాలాకాలం మారలేదనవచ్చు. 2016లో తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాటు కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం వంటి పట్టణాలకు కమిషనరేట్లు వచ్చాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు కాగా పోలీసు సూపరింటెండెంట్ల పరిధులు మారాయి. 2023లో హైదరాబాదు నగరంలో పదకొండు కొత్త ఠాణాలు ఏర్పడ్డాయి. ఉత్తరప్రదేశ్ 2020లో లక్నో, నోయిడాలకు, మధ్యప్రదేశ్ 2021లో భోపాల్, ఇండోర్‌లకు కమిషనరేట్ పద్ధతిని తెచ్చాయి. నగరాలు పెరిగినప్పుడు ఠాణాలు పెరగడం సహజమే, అవసరం కూడా. అయితే 2020 జనవరి నాటి లెక్క ప్రకారం దేశంలో లక్ష జనాభాకు మంజూరైన పోలీసు ఉద్యోగాలు 195 కాగా వాస్తవంగా పనిచేస్తున్నవారు 156 మంది మాత్రమే. ఖాళీలు నింపకుండా కొత్త బోర్డు కడితే ఉన్న కానిస్టేబుళ్ళనే రెండు ఠాణాలకు పంచడం జరుగుతుంది.

కమిషనరేట్ అన్న మాటలో బోర్డు మార్పును మించిన విషయం ఇమిడి ఉన్నది. జిల్లాలలో సభలను, ఊరేగింపులను నిషేధించే ఉత్తర్వును పోలీసులు కోరితే జారీ చేసేది కలెక్టరో, రెవిన్యూ డివిజనల్ అధికారో. అడిగేవాడు ఒకడు, విచారించి నిర్ణయించేవాడు మరొకడు. కమిషనరేట్‌లో ఆ రెండు పాత్రలూ ఒక్క పోలీసు కమిషనరువే. పాత శిక్షాస్మృతి విధానంలోని 144వ సెక్షన్, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా మారినా ఈ స్థితి మారలేదు. మహానగరాలలో సత్వర నిర్ణయం అవసరమన్న వాదనలో బలం లేకపోలేదు. కాని పౌరుల స్వేచ్ఛకు సంబంధించిన ఇంతటి అధికారం ఒక చేతి నుండి మరొక చేతికి మారేటప్పుడు ఆ ఊరి ప్రజలను ఎవరూ సంప్రదించరు. ఒక జీవో వెలువడుతుంది, మరునాడు పత్రికలలో పటం అచ్చవుతుంది. అంతటితో సరి.

రాజధాని నగరం ఈ విషయంలో ఒక విచిత్రమైన ఉదాహరణ. ఢిల్లీలో 1978 నుండి కమిషనర్ పద్ధతి ఉన్నది. 1991లో రాజ్యాంగానికి చేర్చిన 239 ఏఏ అధికరణం ప్రకారం ఢిల్లీ శాసనసభకు పోలీసులపై అధికారం లేదు. తన వీధిలో దొంగతనం జరిగిందని ఢిల్లీ పౌరుడు తన శాసనసభ్యుని వద్ద మొరపెట్టుకుంటే ఆయన చేయగలిగింది కేంద్ర హోం శాఖకు లేఖ వ్రాయడమే. మన రాష్ట్రాలలో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. శాసనసభ్యుని సిఫారసు లేనిదే సబ్ ఇన్‌స్పెక్టరుకు ఠాణా దక్కదన్న మాట ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా పల్లెల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఒకచోట ప్రజాప్రతినిధికి చట్టరీత్యా ఏ అధికారమూ లేదు. మరొకచోట చట్టంలో ఎక్కడా లేని అధికారం ఉన్నది. ఈ రెండింటిలో దేనినీ జవాబుదారీతనం అనలేము.

ఈ దుస్థితికి మూలాలు చాలా లోతైనవి. 1857 తిరుగుబాటు అనంతరం బ్రిటిష్ ప్రభుత్వం చేసిన 1861 పోలీసు చట్టానికి ఆదర్శం లండన్ నగర పోలీసు కాదు, ఐర్లండు ప్రజలను అణచి ఉంచడానికి ఏర్పడిన కాన్‌స్టాబ్యులరీ. కోస్తా, రాయలసీమ జిల్లాలకు సంక్రమించిన మద్రాసు జిల్లా పోలీసు చట్టం అంతకంటే రెండేళ్ళు పెద్దది, 1859 నాటిది. తెలంగాణకు సంక్రమించింది నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం. పాలకునికి విధేయంగా ఉండడమే ఈ చట్టాల ప్రధాన లక్ష్యం. పౌరునికి జవాబు చెప్పడమన్న భావన వాటిని వ్రాసినవారి ఊహలో లేదు.

ఎమర్జెన్సీ అనుభవం తరువాత జనతా ప్రభుత్వం 1977 నవంబరులో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్‌ను నియమించింది. 1979 ఫిబ్రవరి నుండి 1981 మే వరకు అది ఎనిమిది నివేదికలు ఇచ్చింది. ఈలోగా ప్రభుత్వం మారింది, నివేదికలు అటకెక్కాయి. విశ్రాంత పోలీసు డైరెక్టర్ జనరల్ ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీం కోర్టును ఆశ్రయించగా పదేళ్ళకు, 2006 సెప్టెంబరు 22న, తీర్పు వెలువడింది. అందులోని ఏడు ఆదేశాలలో మూడు నేరుగా ఠాణాకు సంబంధించినవి. ఠాణా అధికారికి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలి. దర్యాప్తు విభాగాన్ని శాంతిభద్రతల విభాగం నుండి వేరుచేయాలి. జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా న్యాయమూర్తి, రాష్ట్ర స్థాయిలో హైకోర్టు లేక సుప్రీం కోర్టు విశ్రాంత న్యాయమూర్తి నాయకత్వంలో పోలీసులపై ఫిర్యాదుల విచారణ సంస్థలు ఏర్పడాలి. అమలును పరిశీలించేందుకు 2008లో నియమితమైన జస్టిస్ థామస్ కమిటీ రెండేళ్ళకు ఇచ్చిన నివేదికలో రాష్ట్రాల ఉదాసీనతపై ఆవేదన ప్రకటించింది. అనేక రాష్ట్రాలు కొత్త చట్టాలు చేశాయి గాని, ఆదేశాల సారాన్ని పలుచన చేసిన సందర్భాలే ఎక్కువ.

ఎన్నికైన ప్రభుత్వానికి పోలీసులపై అదుపు ఉండవద్దా అని రాజకీయ నాయకులు అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే. అదుపు తప్పిన పోలీసు మరింత ప్రమాదకరం. అందువల్లనే సుప్రీం కోర్టు ప్రతిపాదించిన రాష్ట్ర భద్రతా సంఘానికి ముఖ్యమంత్రి గాని హోం మంత్రి గాని అధ్యక్షుడు, ప్రతిపక్ష నాయకుడు సభ్యుడు. విధానాలు ప్రభుత్వమే నిర్ణయించవచ్చు. ఏ కేసులో ఎవరిని అరెస్టు చేయాలో, ఎవరిని వదలిపెట్టాలో టెలిఫోనులో చెప్పడం మాత్రం విధాన నిర్ణయం కాజాలదు.

చట్టంలో మంచి మాటలకు కొరత లేదు. కేసు పెట్టదగిన నేరమని తెలిస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అని సుప్రీం కోర్టు 2013లో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త సంహిత 173వ సెక్షన్ స్పష్టం చేసింది. అయినా తొలి నిర్ణయం ఇప్పటికీ ఠాణా రైటరు బల్ల ముందే జరుగుతున్నదని అనుభవమున్నవారందరికీ విదితమే. ప్రతి ఠాణాలో దృశ్యంతో పాటు ధ్వనిని కూడా నమోదు చేసే సి.సి. కెమెరాలు ఉండాలని, ఆ రికార్డును పద్దెనిమిది నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది. రాజస్థాన్‌లో కస్టడీ మరణాలపై పత్రికా వార్తను చూసి, పనిచేయని కెమెరాల సంగతిని అదే కోర్టు 2025 సెప్టెంబరులో తనంత తానుగా విచారణకు తీసుకోవలసివచ్చింది.

ఈ నేపథ్యంలో కొత్త ఠాణా ప్రారంభోత్సవానికి మంత్రిగారు విచ్చేసినప్పుడు ప్రజలు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. ఈ ఠాణాలో గత అయిదేళ్ళలో ఎందరు అధికారులు మారారు? ఒక్కొక్కరు ఎన్ని నెలలు పనిచేశారు? మంజూరైన ఉద్యోగాలలో భర్తీ అయినవెన్ని? ఇక్కడ అన్యాయం జరిగితే ఈ జిల్లాలో ఫిర్యాదు వినే సంస్థ ఎక్కడ ఉన్నది, దానికి నేతృత్వం వహించేది ఎవరు? కెమెరా పనిచేస్తున్నదా, దాని రికార్డు ఎవరి అధీనంలో ఉన్నది? వీటికి సమాధానం ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు, కేంద్రం అనుమతి అంతకన్నా అవసరం లేదు. పోలీసు రాష్ట్రాల అంశమని హోం శాఖ పదేపదే చెబుతున్నది గనుక, ఈ ప్రశ్నలు హైదరాబాదులోను, అమరావతిలోను వినిపించడమే ఉచితం.